మొదటి ఏడాదిలోనే నిజమైన పని చేతికివ్వండి: ఖగోళశాస్త్రంలోకి కొత్తగా వచ్చే పిల్లల కార్యక్రమం నడపడం గురించి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీది ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ విభాగం. పల్లెల నుంచి, గురుకులాల నుంచి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన కుటుంబాల నుంచి వచ్చే పిల్లలను, అందులోనూ ఎస్సీ, ఎస్టీ విద్యార్థులను, అమ్మాయిలను ఖగోళశాస్త్రం వైపు తీసుకురావడానికి ఒక కార్యక్రమం పెట్టాలనుకుంటున్నారు. ఎవరిని ఎంచుకోవాలి, ఏం నేర్పాలి, డబ్బు దేనికి ఖర్చుపెట్టాలి, ఫలితాలు ఎప్పటికి చూపించగలం అని అడిగారు. చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు మాట. ఇలాంటి కార్యక్రమం అనగానే మన విభాగాల్లో అందరి నోటా ఒకటే మాట వస్తుంది: "వీళ్లకు బేసిక్స్ లేవండీ. ముందు లెక్కలు, ఇంగ్లిష్ గట్టిపరుద్దాం. పరిశోధన సంగతి ఎమ్మెస్సీలో చూసుకోవచ్చు." దయచేసి ఆ దారి పట్టకండి. ఎమ్మెస్సీ వచ్చేసరికి మీరు ఎవరి కోసం కార్యక్రమం పెట్టారో వాళ్లలో సగం మంది ఉండరు. బీఈడీకో, గ్రూప్స్ కోచింగ్‌కో, పెళ్లి చేసుకునో వెళ్లిపోయి ఉంటారు. డిగ్రీ మొదటి ఏడాది రెండో సెమిస్టర్‌కల్లా నిజమైన డేటా, నిజమైన ప్రశ్న వాళ్ల చేతిలో పెట్టండి. లెక్కలు, కోడింగ్, ఇంగ్లిష్ ఆ పనికి ఎప్పుడు అవసరమైతే అప్పుడు నేర్పండి. మిగతా నా సలహాలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ ఖగోళశాస్త్ర విభాగం 2005లో ప్రీ-మ్యాప్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. కాలేజీలో అప్పుడే అడుగుపెట్టిన విద్యార్థులకు మొదటి టర్ములోనే కంప్యూటర్ మీద ఖగోళ డేటాతో పని చేయడం నేర్పి, వెంటనే చిన్న చిన్న జట్లుగా పరిశోధన ప్రాజెక్టుల్లో పెడతారు. జట్టుకు మార్గదర్శులుగా ప్రొఫెసర్లో, పోస్ట్‌డాక్‌లో, పీహెచ్‌డీ విద్యార్థులో ఉంటారు. "అర్హత సంపాదించాక పరిశోధన" అన్న వరసను వాళ్లు తిరగేశారు. టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లో ఫిస్క్, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయాలు కలిసి 2004లో పెట్టిన బ్రిడ్జ్ కార్యక్రమం ఇంకో రకం. ఫిస్క్ చారిత్రకంగా నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన సంస్థ. అక్కడ మాస్టర్స్ చేస్తూనే వాండర్‌బిల్ట్ ప్రొఫెసర్లతో పరిశోధన చేసి, ఆపైన అక్కడే పీహెచ్‌డీకి వెళ్లేలా దారి వేశారు. ఆ పిల్లలు పీహెచ్‌డీకి దరఖాస్తు చేసేనాటికి వాళ్లెవరో, ఏం చేయగలరో ఎదుటివాళ్లకు ముందే తెలిసి ఉంటుంది. ఒక్క పరీక్ష మార్కు మీద ఆధారపడాల్సిన పని ఉండదు.

అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ ఏర్పాటు చేసిన టీమ్-అప్ బృందం 2020లో ఒక నివేదిక ఇచ్చింది. ఫిజిక్స్, ఖగోళశాస్త్ర డిగ్రీల్లో నల్లజాతి విద్యార్థుల వాటా ఎందుకు పెరగడం లేదన్నది వాళ్ల ప్రశ్న. ఐదు అంశాలు తేల్చారు: ఇది నా చోటే అన్న భావన, నేనూ ఫిజిసిస్టునే అన్న గుర్తింపు, చదువులో సాయం, డబ్బుతో సహా వ్యక్తిగత జీవితంలో సాయం, సంస్థ నాయకత్వమూ ఏర్పాట్లూ. మన దగ్గర కులం, భాష, ఊరు వేరే రకంగా పనిచేస్తాయి, ఆ నివేదికను ఉన్నదున్నట్టు ఇక్కడికి దించలేం. అయినా మొదటి రెండు అంశాలు చూడండి. ఆ రెండూ రెమెడియల్ క్లాసుల వల్ల వచ్చేవి కావు. పైపెచ్చు "నీకు రాదు" అని ఏడాదిపాటు రోజూ గుర్తుచేసే క్లాసు వాటిని పోగొడుతుంది.

ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు గారి సంగతి తీసుకోండి. తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరులో ఉన్న 2.34 మీటర్ల టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టారు. ఆయన తండ్రి హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. టెలిస్కోపులు, పరిశీలన పుస్తకాలు, ఖగోళశాస్త్రం మాట్లాడుకునే పెద్దలు ఆయనకు చిన్ననాటి నుంచే అందుబాటులో ఉన్నారు. ఆయన ప్రతిభను ఇది ఏమాత్రం తగ్గించదు. ఆ వాతావరణం పుట్టుకతో దొరకని బిడ్డకు దాన్ని అందించడమే మనం చేయాల్సిన పని. ఇక్కడ నేల కూడా కొత్తది కాదు. నిజామియా అబ్జర్వేటరీ 1901లో మొదలైంది, ఉస్మానియా వాళ్ల జపాల్-రంగాపూర్ 48 అంగుళాల టెలిస్కోపు 1968 నాటిది, ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 1972లో ఉస్మానియాలోనే ఏర్పడింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఇది జరగదనే మాటను ఎవరైనా అంటే ఈ సంవత్సరాలు చెప్పండి.

ఇప్పుడు "నిజమైన పని" అంటే నా ఉద్దేశం ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. మా దగ్గర మొదటి ప్రాజెక్టు కృత్తికలు. ఊళ్లలో పిల్లలకోడి అంటారు, చలికాలం రాత్రుళ్లు కంటికి కనిపిస్తాయి, కార్తెల వల్ల పేరు అందరికీ తెలుసు. నక్షత్రాల స్థానాలు, కదలికలు కొలిచిన గాయా ఉపగ్రహం కొలతలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. 2022 జూన్‌లో వచ్చిన మూడో విడతలో దాదాపు 180 కోట్ల చుక్కల వివరాలున్నాయి. కృత్తికల చుట్టూ రెండు డిగ్రీల వృత్తంలోని నక్షత్రాలను దించుకోమంటాం. మొదటి బొమ్మ ఆకాశంలో వాటి స్థానాలు. చల్లినట్టు చుక్కలు, గుంపు ఏదో తెలియదు. రెండో బొమ్మ, అవే నక్షత్రాలు ఏటా ఎటు ఎంత జరుగుతున్నాయన్నది. అక్కడ సున్నా దగ్గర పెద్ద కుప్ప, దానికి దూరంగా ఒక చిన్న ముద్ద విడిగా కనిపిస్తుంది.

మన్యం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆ బొమ్మ గీసి, స్క్రీన్ మీద వేలు పెట్టి, "సార్, ఇవి కలిసి నడుస్తున్నాయి. మిగతావి దారిన పోయేవి" అంది. అప్పటికి ఆమెకు ప్రాపర్ మోషన్ అన్న మాట రాదు. ఆ ముద్దలోని నక్షత్రాలనే వేరుచేసి పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల నక్షత్రం స్థానంలో కనిపించే చిన్న మార్పు) చూస్తే సుమారు 7.4 మిల్లీ ఆర్క్ సెకన్లు. వెయ్యిని దానితో భాగిస్తే 135 పార్సెక్‌లు, అంటే 440 కాంతి సంవత్సరాలు. కృత్తికల దూరం తన చేత్తో తనే కొలిచింది. ఆ తర్వాత రంగు ఒకవైపు, ప్రకాశం ఒకవైపు పెట్టి గీస్తే సన్నటి గీత లాంటి వరస వచ్చింది. వారం తర్వాత ఆమె అడిగిన ప్రశ్న: "గీతకు కొంచెం పైన, సమాన ఎత్తులో, ఇంకో పలచటి గీత ఉందేంటి?" అవి జంట నక్షత్రాలు. సమానమైన రెండు నక్షత్రాలు ఒకే చుక్కగా కనిపిస్తే వెలుగు రెట్టింపవుతుంది, నక్షత్రాల ప్రకాశాన్ని కొలిచే మాగ్నిట్యూడ్ లెక్కలో అది 2.5 ఇంటూ లాగ్ 2, అంటే 0.75. ఇంటర్‌లో లాగరిథమ్ సూత్రాలన్నీ బట్టీపట్టిన పిల్ల ఆ రోజు మొదటిసారి లాగరిథమ్‌ను ఒక పనికి వాడింది. బేసిక్స్ ఎప్పుడు నేర్పాలి అంటే నా జవాబు ఇదే, సరిగ్గా ఆ ప్రశ్న అడిగిన రోజున.

ఇలాంటివి ఎన్నైనా ఉన్నాయి. టెస్ ఉపగ్రహం డేటాలో గ్రహం అడ్డువచ్చినప్పుడు నక్షత్రం వెలుగు తగ్గడం చూడవచ్చు. కొడైకెనాల్ అబ్జర్వేటరీ వందేళ్లకు పైగా తీసిన సూర్యుడి చిత్రాల్లో మచ్చలు లెక్కపెట్టవచ్చు. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు సర్వే చిత్రాల్లో రేడియో గెలాక్సీలు వెతకవచ్చు. దేనికీ మీ దగ్గర టెలిస్కోపు అక్కర్లేదు. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. విశ్వవిద్యాలయాల్లో పరికరానికి డబ్బు తేలిగ్గా వస్తుంది, పిల్లవాడి జేబులోకి వెళ్లే డబ్బు రాదు. పెద్ద టెలిస్కోపు కొని, డోము కట్టి, ప్రారంభోత్సవం చేసి, నడిపే మనిషి లేక తాళం వేసిన చోట్లు చూశాను. చేత్తో తిప్పుకునే ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు ఒకటి చాలు. మిగతా డబ్బంతా స్టైపెండ్‌కి పెట్టండి.

స్టైపెండ్ లేకుండా ఈ కార్యక్రమం మొదలుపెట్టవద్దు. ఈ పిల్లల్లో చాలామంది ఆదివారాలు కేటరింగ్ పనికి, సాయంత్రాలు డెలివరీకి వెళతారు. సెలవుల్లో ఇంటికి వెళ్లి మిర్చి కోతకో, తాపీ పనికో తోడు వెళతారు. మీ ల్యాబ్‌లో కూర్చున్న గంటలు ఆ కూలి పోయిన గంటలు. ఎంతివ్వాలి అంటే, వాళ్లు వదులుకునే కూలికి తక్కువ కాకుండా. నెలాఖరుకు కచ్చితంగా పడాలి, రెండు నెలలు ఆలస్యమైతే ముందుగా మానేసేది మీకు అందరికన్నా అవసరమైన పిల్లే. ప్రయాణాలకు కూడా "బిల్లులు పెట్టండి, తర్వాత ఇస్తాం" అనే పద్ధతి పనికిరాదు. ఇంటర్వ్యూకి పుణె వెళ్లి వస్తే చాలా సంస్థలు రైలు చార్జీ తిరిగి ఇస్తాయి, కానీ ముందు టికెట్ కొనడానికి డబ్బు ఎక్కడిది? విభాగంలో ఒక అడ్వాన్సు నిధి పెట్టుకోండి. చిన్న మొత్తమే అవుతుంది, దాని వల్ల ఆగిపోయిన ప్రయాణాలు జరుగుతాయి.

ఎంపిక గురించి. మార్కుల జాబితా పెట్టుకుని పైనుంచి తీసుకుంటే ఇప్పటికే దారి తెలిసిన పిల్లలే వస్తారు. ఇంటర్ మార్కులు పిల్లవాడి కంటే వాడు చదివిన కాలేజీ గురించే ఎక్కువ చెబుతాయి. ఒక పేజీ దరఖాస్తు చాలు, తెలుగులో రాసినా ఇంగ్లిష్‌లో రాసినా సమానమేనని పైనే ముద్రించండి. "ఎవరూ చెప్పకుండా పట్టుబట్టి నేర్చుకున్న పని ఏమిటి? ఎక్కడ ఆగిపోయావు? అప్పుడేం చేశావు?" అని అడగండి. మోటారు వైండింగ్ నేర్చుకున్న కుర్రాడు, అమ్మ కుట్టుమిషన్ విప్పి బాగుచేసిన పిల్ల రాసే జవాబుల్లో మీకు కావాల్సింది కనిపిస్తుంది. చిన్నప్పటి నుంచి అంతరిక్షమంటే ఇష్టం అన్న వాక్యానికి విలువ కట్టకండి, ఇష్టం అందరికీ ఉంటుంది. బ్యాక్‌లాగ్ ఉందని ఎవరినీ తీసేయకండి.

నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తే సరిపోదు. సంక్షేమ హాస్టళ్లకు స్వయంగా వెళ్లండి, వెంట అదే హాస్టల్లో చదివిన సీనియర్‌ను తీసుకెళ్లండి, మాట్లాడేది వాళ్లే. అనుబంధ కాలేజీల లెక్చరర్లను అడిగేటప్పుడు "బాగా చదివే పిల్లలు" అని అడగవద్దు, "ప్రశ్నలతో వేధించే పిల్లలు ఎవరు" అని అడగండి, వేరే పేర్లు వస్తాయి. బ్యాచ్ పన్నెండు పదిహేను మందికి మించకూడదు. అందులో సగమైనా అమ్మాయిలుండాలి. ఒక్క అమ్మాయి, ఒక్క ఆదివాసీ విద్యార్థి అన్నట్టు తీసుకోకండి, ఒంటరిగా ఉన్నవాళ్లు నిలవరు. కార్యక్రమం పేరులో "వెనుకబడిన", "రెమెడియల్", "బ్రిడ్జ్" లాంటి మాటలు వద్దు, అక్కడ "పరిశోధన" అన్న మాట ఉండాలి. ఎవరు ఏ కేటగిరీయో బయట ఎక్కడా రాయకూడదు.

అమ్మాయిల విషయంలో సగం సమస్య గేటు దగ్గరే ఉంటుంది. చాలా హాస్టళ్లలో సాయంత్రం ఆరున్నరకో ఏడుకో గేటు మూసేస్తారు. మీ ల్యాబ్ ఐదు నుంచి ఎనిమిది వరకు అని పెట్టారంటే అమ్మాయిలు వద్దని రాసినట్టే. వాళ్ల గేటు వేళ చూసి మీ వేళ పెట్టండి. రాత్రి ఆకాశం చూడటానికి ముందుగా వార్డెన్‌కు విభాగం లెటర్‌హెడ్ మీద ఉత్తరం, ఇంటికి ఫోను, వెంట ఒక మేడమ్, తిరిగి హాస్టల్ దాకా వాహనం, ఈ నాలుగూ ఉండాలి. ఒకసారి అలవాటైతే వార్డెన్లే సహకరిస్తారు. చాలామంది పిల్లలకు ల్యాప్‌టాప్ ఉండదు, ఫోన్‌లో కోడ్ రాయడం నరకం. గూగుల్ కొల్యాబ్ వాడితే లెక్కలన్నీ ఆవలి కంప్యూటర్‌లోనే జరుగుతాయి కాబట్టి మూలన పడేసిన పాత డెస్క్‌టాప్‌లు చాలు, నెట్ మాత్రం సరిగ్గా ఉండాలి.

భాష గురించి ఒక్క మాట. చర్చ తెలుగులో జరగనివ్వండి, రాత ఇంగ్లిష్‌లో చేయించండి. మాట్లాడటానికి భయపడే పిల్ల ఆలోచించడం కూడా దాచుకుంటుంది. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ ప్రవేశాల కోసం రాసే జామ్, జేఈఎస్‌టీ లాంటి పరీక్షలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ తప్పదు. మొత్తం పరిశోధన పత్రం ఇచ్చి చదవమంటే బెదిరిపోతారు. వారానికి ఒక్క బొమ్మ ఇవ్వండి, అడ్డంగా ఏముంది, నిలువుగా ఏముంది, రచయితలు దీని వల్ల ఏమంటున్నారు అని మూడు వాక్యాలు ఇంగ్లిష్‌లో రాయించండి. ఏడాది తిరిగేసరికి పత్రాలు వాళ్లే తెరుస్తారు.

మార్గదర్శుల విషయంలో ఒక జాగ్రత్త. ప్రాజెక్టు గైడు, బాగోగులు చూసే మనిషి ఇద్దరూ ఒకరే కాకూడదు. గైడు వల్ల వచ్చిన కష్టం గైడుతోనే చెప్పుకోలేరు కదా. ముగ్గురు పిల్లలకు ఒక సీనియర్ చొప్పున పెట్టి, వారానికొకసారి కలిసి భోజనం చేసే ఏర్పాటు చేయండి. ఆ సీనియర్‌కీ, సాయపడే పీహెచ్‌డీ స్కాలర్‌కీ ఏదో ఒక భత్యం ఇవ్వండి. సేవ పేరుతో చేయించుకుంటే ఆ బరువు ఎప్పుడూ అవే కులాల, అవే నేపథ్యాల సీనియర్ల మీద పడుతుంది, వాళ్ల చదువు దెబ్బతింటుంది.

తల్లిదండ్రులు వస్తారు, రావాలి కూడా. "ఇది చదివితే ఉద్యోగం ఏమొస్తుంది సార్? జాతకాలు చెప్పడమా?" అని అడుగుతారు. ఓపిగ్గా, ఉన్నదున్నట్టు చెప్పండి. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. ఖగోళశాస్త్రంలో శాశ్వత ఉద్యోగాలు తక్కువ. పైథాన్, డేటా మీద పట్టు దొరికిన పిల్లకు వేరే దారులూ ఉంటాయి. ఇస్రో ఉద్యోగం గ్యారంటీ అని మాత్రం ఎవరికీ ఆశ పెట్టవద్దు.

అన్నిటికన్నా ఎక్కువ మంది జారిపోయేది కాగితాల దగ్గర. జామ్ దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఉంటాయి. బీసీ విద్యార్థి మీసేవలో తీసుకున్న రాష్ట్ర నమూనా సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. కేంద్ర నమూనాలో, ఆ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్న నాన్ క్రీమీలేయర్ ఓబీసీ సర్టిఫికెట్ కావాలి. పైగా రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు, ముందే చూసుకోవాలి. జూన్‌లో ఒక రోజు పెట్టి అందరి చేతా ఈ పని చేయించండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపిన కాలేజీ వల్ల సీటు వచ్చి కూడా చేరలేకపోయిన పిల్లలున్నారు. అలాంటి సందర్భంలో విభాగాధిపతి స్వయంగా ఫోన్ చేయాలి, ఉత్తరం రాయాలి, అవసరమైతే వెళ్లాలి. ఇదంతా గుమాస్తా పని అనుకోకండి, ఒక క్లాసు పాఠం కంటే దీనికే ఫలితం ఎక్కువ. మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు రెండో ఏడాది నుంచే దరఖాస్తు చేయించండి, సిఫారసు లేఖలు మీరే అడిగి రాయండి. లేఖ అడగవచ్చని వాళ్లకు తెలియదు.

ఇక నిలబెట్టడం. విశ్వవిద్యాలయాలకు అండగా ఉండటానికే 1988లో యూజీసీ పుణెలో అయుకా అనే ఖగోళశాస్త్ర కేంద్రాన్ని పెట్టింది. మీ లెక్చరర్లు అక్కడ అసోసియేట్‌గా చేరవచ్చు, వర్క్‌షాపులు కలిసి పెట్టుకోవచ్చు. లోపల మాత్రం సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పెట్టి దీన్ని క్రెడిట్లున్న కోర్సుగా మార్చండి. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి కాబట్టి వేసవి ప్రాజెక్టును దాని కింద నమోదు చేయవచ్చు. అలా చేస్తే ఎక్కడో డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకునే అవస్థ కూడా తప్పుతుంది. ఒక్క మనిషి ఉత్సాహం మీద నడిచే కార్యక్రమం ఆ మనిషి రిటైరైన నెలలోనే ఆగిపోతుంది.

వైస్ ఛాన్సలర్ గారికి ఫలితాలు ఎప్పుడు చూపించగలం అన్నారు. ఎంతమంది పీహెచ్‌డీ చేశారన్న లెక్క అడిగితే పదేళ్లు ఆగాలి, డిగ్రీకి మూడు, ఎమ్మెస్సీకి రెండు, ఆపైన ఐదారు. మొదటి ఏడాది నివేదికలో ప్రతి విద్యార్థి చేసిన నోట్‌బుక్, పోస్టర్ పెట్టండి, రెండో సంవత్సరానికి ఎంతమంది మిగిలారో రాయండి. రెండో ఏడాది వేసవి ఫెలోషిప్‌లు, మూడో ఏడాది ఎమ్మెస్సీ ప్రవేశాలు వస్తాయి. మానేసినవాళ్ల పేజీ ఒకటి తప్పకుండా ఉండాలి. ఎందుకు మానేశారో ఫోన్ చేసి అడిగి రాయండి: డబ్బా, హాస్టలా, గైడా, ఇంట్లో పరిస్థితా. మరుసటి ఏడాది బడ్జెట్ ఆ పేజీ చూసి వేయండి. బీఈడీ చేసి హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతున్న పిల్లను కూడా నష్టాల్లో కాకుండా ఫలితాల్లోనే చూపించండి, మీ తర్వాతి బ్యాచ్‌లకు దరఖాస్తులు పంపేది ఆమే.